గృహోపకరణాలు – ఎంపిక, మరమ్మతు

పాఠ్యభాగ పరిచయం

ఇంటికి ఒక వస్తువును కొనితెచ్చుకోవడం, అది చెడినప్పుడు బాగుచేయించుకోవడం ప్రతి కుటుంబానికీ తప్పని పనులు. ఈ రెండింటికీ ఆ ఊరి ఎండ, నేల, నీరు తెలిసి ఉండాలనీ, తెలియకపోతే నష్టం డబ్బుతోనే ఆగదనీ ఈ పాఠం వివరిస్తుంది. ఇందులోని ఉదాహరణలు ఎక్కువగా కర్నూలు, కడప జిల్లాల జీవితం నుంచి తీసుకున్నవి.

పాఠ్యభాగం

మా అమ్మమ్మ కాలంలో ఇంట్లో యంత్రమనదగినది తిరగలి ఒక్కటే. దాని రాళ్లు అరిగినప్పుడు ఉలి, సుత్తి పట్టుకొని గంట్లు కొట్టేవారు వీధిలో కేక వేస్తూ వచ్చేవారు. అరుగుమీద కూర్చుని, పని ముగిసేవరకు అమ్మమ్మ పక్కనే నిలబడి చూసేది. గంటు లోతుగా పడితే పిండిలో రాతిపొడి కలుస్తుందని ఆమెకు తెలుసు. వస్తువు ఎలా పనిచేస్తుందో, ఎందుకు చెడుతుందో ఎరిగిన మనిషి మరమ్మతు చేసేవాని ముందు ధైర్యంగా నిలబడగలదు. నేడు మన ఇళ్లలో ఫ్యాను, మిక్సీ, ఫ్రిజ్, కూలర్, గీజర్, నీటి మోటారు చేరాయి. కానీ వాటి లోపల ఏముందో మనకు తెలియదు. తెలియనందువల్ల అంగడివాడు చెప్పిందే గుణం, మెకానిక్ చెప్పిందే రోగం అవుతున్నది.

వస్తువును ఎంచుకొనేటప్పుడు మొదట చూడవలసింది ధర కాదు, ఊరు. ఒకే వస్తువు విజయవాడలో వ్యర్థం కావచ్చు, కర్నూలులో వరం కావచ్చు. ఇందుకు కూలర్‌ను మించిన ఉదాహరణ లేదు. నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే ఐదు వందల కెలోరీలకు పైగా వేడిని చుట్టుపక్కల నుంచి గ్రహిస్తుంది. కుండలో నీళ్లు చల్లబడటానికీ, వేసవిలో కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తడికల గుండా వచ్చే గాలి హాయిగా ఉండటానికీ ఇదే కారణం. కూలర్ ఆ తడికకు తగిలించిన ఫ్యాను మాత్రమే. అయితే గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరి కాదు, గాలి చల్లబడదు.

లెక్క చూడండి. మే నెలలో కర్నూలులో మధ్యాహ్నం ఉష్ణోగ్రత 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉందనుకొందాం. ఆ గాలిని నీటి ఆవిరితో చల్లబరచగల హద్దు సుమారు 24 డిగ్రీలు. మంచి కూలర్ ఆ హద్దుకు ముప్పావు దూరం వరకు వెళ్లగలదు, అంటే గదిలోకి 28, 29 డిగ్రీల గాలిని పంపగలదు. సముద్రతీరంలో ఉష్ణోగ్రత 36 డిగ్రీలే ఉన్నా తేమ 65 శాతం ఉంటే ఆ హద్దు 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అక్కడ కూలర్ ఎంత తిరిగినా ఒళ్లు జిగట తప్ప చల్లదనం దక్కదు. పొడి నేల మనకు చేసిన మేలు ఇది. టన్నున్నర ఎ.సి. సుమారు 1500 వాట్లు వాడే చోట ఇంటి కూలర్ సుమారు 200 వాట్లతో సరిపెట్టుకొంటుంది.

కొందరు కూలర్ పెట్టి తలుపులు, కిటికీలు బిగిస్తారు. అది ఎ.సి.కి తగిన పద్ధతి. కూలర్ పంపిన తేమగాలి బయటకు పోవడానికి ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలి, లేకుంటే అరగంటలో కర్నూలు గది కాస్తా కాకినాడ గది అవుతుంది. ఇంకొక మాట కూడా చెప్పాలి. రోజుకు పది గంటలు నడిచే కూలర్ నాలుగైదు బిందెల నీరు తాగుతుంది. ట్యాంకరు వస్తే తప్ప నీళ్లు లేని ఊరిలో ఇది చిన్న విషయం కాదు. అటువంటి చోట మిద్దెపైన తెల్లసున్నం పూయించి, మంచి ఫ్యాను ఒకటి పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

ఫ్యాను మాట వచ్చింది కనుక దాన్నీ చూద్దాం. పాతరకం సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు వాడుతుంది. బి.ఎల్.డి.సి. అనే కొత్తరకం మోటారున్న ఫ్యాను 30 వాట్ల దగ్గరే అంతే గాలి ఇస్తుంది. మన వేసవిలో రోజుకు పదిహేను గంటలు ఫ్యాను తిరగడం సామాన్యం. పాతదానికి నెలకు దాదాపు 34 యూనిట్లు, కొత్తదానికి 14 యూనిట్లలోపు ఖర్చవుతాయి. మూడు ఫ్యాన్లున్న ఇంటికి నెలకు అరవై యూనిట్లు మిగులుతాయి. అయితే కొత్త ఫ్యాను లోపల ఒక ఎలక్ట్రానిక్ పలక ఉంటుంది. అది చెడితే వీధి చివరి మెకానిక్ బాగుచేయలేడు. కాబట్టి ఆ పలకకు ఎన్ని సంవత్సరాల హామీ ఉందో, సేవాకేంద్రం మన ఊరిలో ఉందో లేదో అడిగి కొనాలి. పాత ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే వైండింగు కాలిపోయిందని తొందరపడరాదు. చాలాసార్లు చెడేది కండెన్సర్ అని పిలిచే చిన్న డబ్బా మాత్రమే. దాని మీద సాధారణంగా 2.5 అని రాసి ఉంటుంది. దాన్ని మార్పించి చూసిన తరువాతనే మిగతా మాటలు వినాలి.

ఇంధన పొదుపు కోసం 2001లో చట్టం వచ్చింది. దాని ప్రకారం 2002లో ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ 2006 నుంచి ఉపకరణాలకు నక్షత్రాల గుర్తు ఇవ్వడం ప్రారంభించింది. సీలింగు ఫ్యాన్లకు ఈ గుర్తు 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది. నక్షత్రాలను లెక్కపెట్టి ఊరుకోరాదు. వాటి ప్రమాణాలు కాలానుగుణంగా కఠినమవుతుంటాయి. ఒక ఏటి ఐదు నక్షత్రాల ఫ్రిజ్ తరువాతి ప్రమాణాల్లో మూడు నాలుగుకు దిగవచ్చు. చీటీ మీద సంవత్సరం, ఏడాదికి అయ్యే యూనిట్లు అచ్చువేసి ఉంటాయి. పోల్చవలసినవి అవి.

ఇక నీటి సంగతి. కడప నాపరాయి, బేతంచెర్ల బండ ఊరూరికీ వెళ్లి ఇళ్లలో పరచుకొన్నాయి. ఆ సున్నపురాళ్ల పొరల గుండా వచ్చే బోరునీరు తనతోపాటు సున్నాన్ని మోసుకొస్తుంది. పప్పు ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం మనకు అలవాటైన లక్షణాలు. ఇదే నీరు గీజర్‌లో కాగినప్పుడు వేడి కడ్డీ మీద తెల్లని పెంకు కడుతుంది. పెంకు మందమయ్యేకొద్దీ వేడి నీటికి చేరదు, కడ్డీ తనలో తానే కాలి పగులుతుంది. గీజర్ నుంచి కెటిలు కాగినట్లు చప్పుడు వస్తుంటే పెంకు కట్టిందని అర్థం. ఏడాదికొకసారి విప్పించి పెంకు తీయిస్తే కడ్డీ మన్నుతుంది. మెకానిక్ విప్పినప్పుడు లోపలి మెగ్నీషియం కడ్డీని కూడా చూడమనాలి. తొట్టి తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే కడ్డీ అది. అది పూర్తిగా కరిగిన తరువాత తొట్టికి దిక్కు లేదు.

కూలర్ తొట్టిలోనూ ఇదే జరుగుతుంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, సున్నం తొట్టిలోనే మిగులుతుంది. ఎన్ని బిందెలు పోస్తే అంత సున్నం పోగవుతుంది. కనుక వారానికొకసారి పాతనీరు పూర్తిగా పారబోయాలి. డెంగీ దోమ కూడా నిలువనీటిలో వారం పదిరోజుల్లో పెరిగి రెక్కలు తొడుగుతుంది. ఒక్క పనితో రెండు కీడులు తొలగుతాయి. పీచు గట్టిపడితే చింతపండు పులుసులోనో, నిమ్మరసం కలిపిన నీటిలోనో రాత్రంతా నానబెట్టి కడిగితే మరో వేసవి నడుస్తుంది.

ఇంతవరకు చెప్పినవి ధన నష్టాలు. ఇప్పుడు ప్రాణానికి సంబంధించిన మాట చెప్పాలి.

నేను ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో మేము కర్నూలు పాతబస్తీలో అద్దెకుండేవాళ్లం. మా నాన్న ఇనుపరేకుతో చేసిన కూలర్ ఒకటి తెచ్చాడు. ఆ రేకు కూలర్లు చవక. ఏ భాగం చెడినా మార్చుకోవచ్చు, ఆ గుణాన్ని నేను ఇప్పటికీ మెచ్చుకొంటాను. బిగించడానికి వచ్చిన మెకానిక్ దాని తీగకు రెండు పిన్నుల ప్లగ్గు తగిలించి, మిగిలిన పచ్చతీగను కత్తిరించి పారేశాడు. "దీంతో పని లేదు సార్" అన్నాడు. రెండు వేసవులు ఏమీ కాలేదు. మూడో వేసవిలో ఒక మధ్యాహ్నం అమ్మ, కూలర్ ఆపకుండానే చెంబుతో నీళ్లు పోస్తూ తడిచేతిని రేకుమీద ఆనించింది. తొట్టిలోని పంపుతీగ పైపొర ఎలుక కొరికిందో, ఎండకు పగిలిందో, లోపలి రాగి రేకుకు తగులుతున్నది. చెయ్యి వెనక్కు రాలేదు. అరుపు కూడా రాలేదు. చెంబు నేలమీద పడిన చప్పుడు విని పక్కింటి పిన్ని పరుగున వచ్చి, అమ్మను ముట్టుకోకుండా గోడమీది మెయిన్ దించింది. ఆ ఇంగితం ఆమెకు లేకుంటే ఆనాడు ఇద్దరు పోయేవారు. అమ్మ కుడి అరచేతిలో ఆ మచ్చ ఇంకా ఉంది.

ఆ పచ్చతీగ పేరు ఎర్తు. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే లావైన పిన్ను దానిదే. ఆ పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా ఉండటం వెనుక ఒక ఆలోచన ఉంది. ప్లగ్గు పెట్టేటప్పుడు ముందుగా తగిలేది, తీసేటప్పుడు చివరగా విడిపోయేది అదే. లోపలి కరెంటు తీగ పొరపాటున ఇనుప ఒంటికి తగిలితే, ఆ కరెంటు మన ఒంటిగుండా కాక పచ్చతీగ గుండా భూమిలోకి పోవాలి. అప్పుడు ప్రవాహం ఒక్కసారిగా పెరిగి ఫ్యూజు పోతుంది, ప్రాణం నిలుస్తుంది.

అయితే రాయలసీమలో ఇక్కడొక చిక్కుంది. తేమ లేని మట్టి కరెంటును సులభంగా పోనివ్వదు. ఇంటి ఎర్తు గుంత ఎండిపోయి వంద ఓముల నిరోధం చూపుతున్నదనుకొందాం. 230 వోల్టులను 100తో భాగిస్తే వచ్చేది 2.3 ఆంపియర్లు. ఐదు ఆంపియర్ల ఫ్యూజు దానికి చలించదు. పచ్చతీగ ఉన్నా కూలర్ ఒంటిమీద కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడిలో ఇంకొక బాధ. వేసవిలో ఆ నేల నెర్రెలు విచ్చి, పాతిన గొట్టానికీ మట్టికీ నడుమ సందు ఏర్పడుతుంది. వానాకాలంలో పరీక్షించి బాగుందన్న ఎర్తు ఏప్రిల్ నాటికి పేరుకు మాత్రమే మిగలవచ్చు. ప్రమాదం చూడండి, కూలర్ వాడేది సరిగ్గా ఆ నెలల్లోనే.

దీనికి పెద్దలు కనిపెట్టిన ఉపాయం నేటికీ చెల్లుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం ఎర్తు గొట్టం రెండున్నర మీటర్ల పొడవుండాలి. దాని చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. బొగ్గు తేమను పట్టి ఉంచుతుంది, ఉప్పు ఆ తేమ గుండా కరెంటుకు దారి ఇస్తుంది. గొట్టం పైన గరాటు పెట్టి వేసవిలో నీళ్లు పోయాలి. దీనితోపాటు మెయిన్ దగ్గర ఆర్.సి.సి.బి. అనే రక్షకాన్ని పెట్టించాలి. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ నడుమ 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనిపించగానే అది రెప్పపాటులో సరఫరాను తెంచుతుంది. పైన చెప్పిన 2.3 ఆంపియర్లు దానికి డెబ్బై రెట్లకు పైమాట, కాబట్టి పొడినేలలోనూ అది మోసం చేయదు. చాలామంది ఎం.సి.బి. ఉంది కదా అని ఊరుకొంటారు. ఎం.సి.బి. తీగలను కాపాడుతుంది, మనిషిని కాదు. కొందరు మెకానిక్‌లు ఎర్తు గుంత తవ్వే శ్రమ లేకుండా బోర్డులోనే ఎర్తు పిన్నును న్యూట్రల్ తీగకు కలిపివేస్తారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన క్షణాన ఇంట్లోని ప్రతి ఇనుప వస్తువూ కరెంటు కంబమవుతుంది. అలా కలపడానికి ఒప్పుకోరాదు.

నీటికి నోచుకోని ఈ సీమకు నీరే శత్రువైన సందర్భాలూ ఉన్నాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. దిగువన శ్రీశైలం జలాశయానికి ఇరవైఐదు లక్షల క్యూసెక్కుల వరకు వరద వచ్చింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలు కొట్టుకుపోయాయి. వరద తీసిన తరువాత బురదలో తడిసిన ఫ్రిజ్‌ను, మోటారును చూసి "పనిచేస్తుందేమో" అని స్విచ్చు వేయాలనిపించడం సహజం. వేయరాదు. మొదట మెయిన్ దించాలి, ఆ తరువాతనే ఇంట్లో చేయి పెట్టాలి. మునిగిన స్విచ్చులు, సాకెట్లు, ఎం.సి.బి.లు ఎండినా పనికిరావు, వాటిని మార్చవలసిందే. లోపల చేరిన ఒండ్రు ఎండిన తరువాత కూడా తేమను పీలుస్తుంది. నీటి మోటారు, ఫ్యాను, గ్రైండరు వంటి వాటిని మాత్రం మంచినీటితో బురద కడిగి, విప్పి, రోజుల తరబడి ఆరబెట్టి దక్కించుకోవచ్చు. స్విచ్చు వేసే ముందు వైండింగు నిరోధాన్ని మెగ్గర్ అనే పరికరంతో కొలిపించాలి. అది కనీసం ఒక మెగాఓము చూపాలి. ఫ్రిజ్ గోడల లోపలి నురగలో మురికినీరు చేరితే మాత్రం దాని మీద ఆశ వదులుకోవడం మంచిది.

మనంతట మనం చేసుకోదగిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. బుడ్డల పొడి కొడుతుండగా మిక్సీ ఆగిపోతే మోటారు కాలిందని భయపడతాం. అడుగున చిన్న ఎర్రమీట ఉంటుంది. బరువు ఎక్కువైనప్పుడు అదే పైకి తన్ని మోటారును కాపాడుతుంది. పది నిమిషాలు చల్లారనిచ్చి మీట నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఈ మీట నొక్కి మరమ్మతు కూలి పుచ్చుకొన్నవారిని నేను ఎరుగుదును. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి మూయండి. లాగితే జారి వస్తే రబ్బరు పట్టీ వదులైందన్నమాట, చల్లదనం అటే పోతున్నది. వెనుక జాలి మీది దుమ్మును మూడు నెలలకొకసారి మెత్తని కుంచెతో దులపాలి, గోడకు జానెడు ఎడం ఉంచాలి. కరెంటు పోయి వచ్చిన వెంటనే ఫ్రిజ్‌ను నడపరాదు, ఐదు నిమిషాలు ఆగితే లోపలి ఒత్తిడి సమమవుతుంది. ఇవన్నీ ప్లగ్గు పీకిన తరువాత చేసే పనులని వేరుగా చెప్పనక్కరలేదు.

బాగుచేయించాలా, కొత్తది కొనాలా అన్న ప్రశ్నకు అందరికీ పనికివచ్చే జవాబు లేదు. వస్తువు తన ఆయువులో సగం దాటి, మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగాన్ని మించితే వదిలివేయడం మేలని వ్యాపారులు చెబుతారు. నేను దీనికి ఒక మినహాయింపు చేరుస్తాను. వైండింగు, బేరింగు, పంపు వంటి భాగాలు మా ఊరిలోనే దొరికే వస్తువైతే ఇంకొకసారి బాగుచేయిస్తాను. భాగాలు దొరకని వస్తువును చిన్న జబ్బుకే వదిలేస్తాను. ఫ్రాన్సు దేశం 2021 నుంచి కొన్ని వస్తువుల మీద, బాగుచేయడానికి అవి ఎంత అనువో తెలిపే మార్కును ముద్రించాలని నియమం పెట్టింది. మనదేశంలో 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించింది. అదే ఏడు డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కంపెనీలు తమ వస్తువుల మరమ్మతు వివరాలు తెలిపే వేదిక ప్రారంభమైంది.

కొనేరోజు చేయవలసిన పనులను మనం మొహమాటంతో దాటవేస్తాం. నాణ్యతా నియంత్రణ ఉత్తర్వుల ప్రకారం కరెంటు తీగలు, స్విచ్చులు, ఇస్త్రీ పెట్టెలు, గీజర్లు ఐ.ఎస్.ఐ. గుర్తు లేకుండా అమ్మరాదు. ఆ గుర్తు అడుగున సి.ఎం./ఎల్. అనే అక్షరాలతో అనుమతి సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో వేసి చూస్తే గుర్తు అసలుదో నకిలీదో తెలిసిపోతుంది. బిల్లు అడగాలి. బిల్లు లేకుంటే వంద తగ్గిస్తానన్నవాడు ఆ వందకు మన హక్కును కొంటున్నాడు. హామీపత్రం మీద తేదీ, అంగడి ముద్ర వేయించాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం వస్తువు హైదరాబాదులో కొన్నా మనం నివసించే జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల రూపాయలలోపు వస్తువుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. అంతకుముందు 1915 నంబరుకు ఫోను చేస్తే చాలా తగవులు అక్కడే తెగుతాయి.

మా రేకు కూలర్‌ను నాన్న పారవేయలేదు. పంపు, తీగ మార్పించి, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించి, పెరట్లో ఎర్తు గుంత తవ్వించాడు. ఇప్పుడు అది తమ్ముని ఇంట్లో నడుస్తున్నది. ఉగాది దాటినప్పటినుంచి అమ్మ రోజూ సాయంత్రం తులసికోటకు నీళ్లు పోసి, చెంబులో మిగిలినవి ఎర్తు గరాటులో పోసి లోపలికి వస్తుంది.

అభ్యాసం

1. కూలర్ కర్నూలులో బాగా పనిచేసి, తీరప్రాంతంలో పనిచేయకపోవడానికి గల కారణాలను ఉదాహరణతో వివరించండి.
2. పొడినేలలో ఎర్తు సరిగా పనిచేయకపోవడానికి కారణమేమిటి? దానికి పాఠంలో చెప్పిన ఉపాయాలు ఏవి?
3. వరదలో మునిగిన ఉపకరణాల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను తెలపండి.
4. "బిల్లు లేకుంటే వంద తగ్గిస్తానన్నవాడు ఆ వందకు మన హక్కును కొంటున్నాడు" – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
5. మీ ఇంట్లో ఇటీవల చెడిన ఒక వస్తువును గురించి, అది చెడిన కారణం, బాగుచేయించిన తీరు తెలుపుతూ మిత్రునికి లేఖ రాయండి.